తిరుమలరావు కట్టు

"జ్యోతీ, మన ఆస్పత్రి వెబ్‌సైటు వాళ్ళకి నా గురించి ఒక పేజీ కావాలట. నీ తెలుగు బావుంటుంది కదా, నువ్వే రాసిపెట్టవా? కింద నీ గురించి కూడా ఓ రెండు లైన్లు వేసేసుకో."

ఆదివారం పొద్దున నేను బీరకాయ చెక్కు తీస్తుంటే మా ఆయన సాయి అన్న మాట ఇది. అంటూనే నా చేతిలోంచి కాయ లాక్కుని తనే చెక్కడం మొదలుపెట్టాడు. మోకాలి ఎముక దగ్గర మిల్లీమీటరు తేడా రానివ్వని మనిషి, బీరకాయ దగ్గరకొచ్చేసరికి సగం కాయని చెక్కుతోనే పోగొడతాడు. సాయి మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇదంతా చదివి మీరు అతన్ని తిట్టుకుంటే నాకు కోపం వస్తుంది. అతన్ని తిట్టే హక్కు నా ఒక్కదానిదే, దాన్ని నేను బాగానే వాడుకుంటాను.

మధ్యాహ్నం రాయడానికి కూర్చున్నాను. అతని గురించి రాయాలంటే నాకు కాయితాలేవీ అక్కర్లేదు. ఎంబీబీఎస్, ఎమ్మెస్ ఆర్థో. కోయంబత్తూరులో మోకాళ్ళ మార్పిడిలో ఏడాది ఫెలోషిప్. పద్దెనిమిదేళ్ళ అనుభవం. స్టీల్ ప్లాంటులో రిటైరైన పెద్దమనుషులు ఎంతమందో ఇవాళ బీచి రోడ్డులో పొద్దున్నే నడుస్తున్నారంటే అది అతని చలవేనని రాయాలనిపించింది. రాశాను కూడా. పేజీ హాయిగా నిండిపోయింది. కింద నా పేరు రాశాను. "డాక్టర్ జ్యోతిర్మయి, ఎమ్మెస్ ఆర్థో." అక్కడ చెయ్యి ఆగింది.

మా ఇద్దరిదీ ఒకే బ్యాచి. ఆరుగురిలో నేనొక్కదాన్నే ఆడపిల్లని. "ఎముక లాగాలంటే కండ ఉండాలమ్మా, హాయిగా కాన్పుల వైపు వెళ్ళకపోయావా" అని ఒక ప్రొఫెసరు రోజూ జాలిపడేవాడు. ఆ ఆరుగురిలో నేనే ఫస్టు వచ్చాను. సాయికి కోయంబత్తూరులో సీటొచ్చిన నెలలోనే నాకు చేతి సర్జరీలో పుణెలో సీటొచ్చింది. అప్పటికి మా పాప కీర్తనకి ఐదో నెల. మా అత్తగారు కనకరత్నం గారిది రాజమండ్రి వైపు. మావగారి పోర్టు ఉద్యోగంతో ఇక్కడికొచ్చి నలభై ఏళ్ళైనా ఆవిడ మాటలో గోదావరి పోలేదు. "ఇద్దరూ చెరో ఊరూ పోతే చంటిదేవైపోవాలమ్మా? ముందు వాణ్ణి వెళ్ళిరానీ. తర్వాత నువ్వూ వెళ్దువుగాని, ఎవరొద్దన్నారు?" అన్నారు. నిజమే, ఎవరూ వద్దనలేదు. తర్వాత వెళ్ళమనీ ఎవరూ అనలేదు. ఆరేళ్ళపాటు వేసవికి రెండు వారాలు, దసరాకి పది రోజులు చొప్పున పిల్లని చంకనేసుకుని పుణె రైలెక్కి, ఆ చదువుని ముక్కలు ముక్కలుగా తెచ్చుకున్నాను. దాన్ని రెండు లైన్లలో ఎలా పెట్టాలో నాకు తెలియలేదు.

గాజువాకలో మా ఆస్పత్రి. బోర్డు మీద సాయి పేరు, మందుల చీటీ మీద సాయి పేరు. మోకాళ్ళూ తుంట్లూ అతను చూస్తాడు. మణికట్లు, మోచేతులు, వేళ్ళు, పిల్లల ఎముకలు నావి. కానీ కౌంటర్లో శ్రీరామ్మూర్తి గారు ఎవరొచ్చినా "సారుని కలవండి" అనే అంటారు. ఒకసారి ఒక పెద్దావిడ నా గదిలోకి తొంగిచూసి, "నాకు కాన్పు కాదమ్మా, కాలు" అని కంగారుగా వెనక్కి వెళ్ళిపోయింది. ఆ మాట చెప్పుకుని సాయీ నేనూ వారం రోజులు నవ్వుకున్నాం. ఎనిమిదో రోజు నుంచి నాకు నవ్వు రాలేదు.

మొన్న శుక్రవారం దువ్వాడ అప్పలసూరి వచ్చాడు. ఆటో నడుపుతాడు. ఆరు వారాల కిందట ఆటో బోల్తాపడి కుడి మణికట్టు విరిగింది. మత్తిచ్చాక ఎముక లాగి సరిచేసి, కట్టు వేసింది నేను. కళ్ళు మూతపడే ముందు అతను చూసిందీ, మత్తు వదిలాక చూసిందీ మాత్రం రౌండ్సుకొచ్చిన సాయిని. శుక్రవారం కట్టు తీశాక, చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని సాయికి దణ్ణం పెట్టాడు. "బాబూ, మీ కట్టు కట్టేనండి. రేపట్నుంచి బండి తీస్తాను." సాయి నవ్వి, "బరువులెత్తకు" అన్నాడు. నేను పక్కనే నిలబడి ఊడదీసిన పిండికట్టు ముక్కలు చెత్తబుట్టలో వేస్తున్నాను.

ఆ ముక్కలే ఇప్పుడు గుర్తొస్తున్నాయి. చివరికి ఇలా రాశాను: "ఆస్పత్రి పనుల్లో భర్తకి చేదోడువాదోడుగా ఉంటారు."

"ఏటే రాస్తన్నావ్?" అంది నానమ్మ. మా నానమ్మ జోగమ్మకి ఎనభై నాలుగేళ్ళు, మూడేళ్ళుగా మా దగ్గరే ఉంటోంది. ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"సాయి గురించి, నానమ్మా. ఆస్పత్రి కోసం."

"సదువు."

చదివాను. "మనవడు బాబు గొప్పోడే. మరి నీదేటి?"

నాదీ చదివాను. క్షణంలో అయిపోయింది. నానమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"ఓలమ్మా! ఇది తిరుమలరావు కట్టే గదే" అంది.

తిరుమలరావు మా తాత. సబ్బవరం చుట్టుపక్కల చెయ్యి విరిగినా కాలు బెణికినా "తిరుమలరావు కట్టు" కోసం బళ్ళు కట్టుకొచ్చేవారు. తాత చేసిందల్లా మనిషి భుజాలు గట్టిగా పట్టుకుని కబుర్లు చెప్పడం. ఎముక సర్ది, గుడ్డు సొన రాసి, వెదురు బద్దలు పెట్టి కట్టింది నానమ్మ. అరటిపళ్ళ గెలలు మాత్రం తాత చేతికిచ్చేవారు. ఆ కట్టుని ఇవాళ డాక్టరుగా నేనెవరికీ వేయించుకోమని చెప్పను. కానీ కట్టయ్యాక వేలిగోరు నొక్కి వదిలి, తెల్లబడ్డ గోరు మళ్ళీ ఎర్రబడిందో లేదో చూడమని నాకు చెప్పింది ఏ పుస్తకమూ కాదు, నానమ్మే. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. "ఎర్రబడకపోతే బిగిసిపోనాదని అర్తం, ఇప్పెయ్యాల" అనేది. ఇప్పటికీ ప్రతి కట్టు తర్వాతా గోరు నొక్కుతాను.

"అందరూ తాత పేరే చెప్తుంటే నీకేమీ అనిపించలేదా?" అన్నాను.

"ఎందుకనిపించదే? ఆడది కట్టిందంటే మొగోలికి నామోషీ, రారని ఆ పేరు పెట్నారు. నాదని ఒకపాలి సెప్పాలనుకున్నాను. రేపు, మాపు అనుకుంటుంటే ఏబయ్యేళ్ళు పోనాయి. మీ తాత మంచోడు. అదేనే వచ్చిన సిక్కు. సెడ్డోడైతే ఎప్పుడో సెప్పెద్దును."

నాకు ఏడుపొచ్చింది. చిక్కుడుకాయలు వాసన చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

ఆ రెండు లైన్లూ కొట్టేశాను. సాయి పేజీ పక్కన నాకూ ఒక పేజీ తీసుకున్నాను. ఆరేళ్ళ రైళ్ళూ రాశాను. మణికట్లూ మోచేతులూ రాశాను. "తొలి గురువు: జోగమ్మ, సబ్బవరం" అని రాశాను. టీ తాగుతూ సాయి చదివాడు. రెండోసారి మళ్ళీ చదివాడు.

"జ్యోతీ, శుక్రవారం తీసిన అప్పలసూరి కట్టు... అది నువ్వేసిందే కదూ?"

"ఊఁ."

"నేనేమీ అనలేదు."

"అనలేదు."

టీ కప్పు కింద పెట్టాడు. "ఈసారొస్తే నేనే చెప్తాను" అన్నాడు.

"వద్దు సాయీ. నేను చెప్పుకుంటాను."

బుధవారమే వచ్చాడు అప్పలసూరి. కుళాయి దగ్గర జారిపడ్డ భార్య చిలకమ్మని నడిపించుకుంటూ నా గది దాటి నేరుగా సాయి గదిలోకి వెళ్ళాడు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. "బాబూ, దీనిదీ మణికట్టేనండి. నాకేసిన కట్టే దీనికీ ఎయ్యాల."

సాయి నావైపు చూశాడు. నోరు తెరవబోయి ఆపుకున్నాడు. ఆ ఆపుకోవడం అతనికి ఎంత కష్టమైందో నాకు తెలుసు. ఎన్ని ఎముకలు లాగానో, ఇంత బరువైన పని చెయ్యలేదు.

"ఆ కట్టు నాది, అప్పలసూరీ" అన్నాను.

అతను మర్యాదగా నవ్వి సాయికేసి చూశాడు. "మీరు... బాబుకి సాయం సేస్తారు గదమ్మా?"

నేను వాదించలేదు. అతని కుడిచెయ్యి అందుకుని బొటనవేలి గోరు నొక్కి వదిలాను. తెల్లబడి, ఎర్రబడింది.

అప్పలసూరి నవ్వు మాయమైంది. "మత్తులో ఎవలో ఇలగే నొక్కినారమ్మా! కళ్ళు తెరుసుకోనేదు గానీ సెయ్యి తెలిసింది. మీరేనేటి?"

"ఆవిడే" అన్నాడు సాయి. లేచి చిలకమ్మని కూర్చోమని తన కుర్చీ జరిపాడు.

సాయంత్రం ఇదంతా నానమ్మకి చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత నా పేజీ తెమ్మని, అందులో తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చదవడం రాదు కదా, ఆ చోటుని కాసేపు అలా తడిమింది. మెల్లగా లేచి, గోడమీద తాత ఫొటో దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఇన్నావా మావా?" అంది. "ఆ కట్టు నాది."