అక్షరాలు లేని భాషలో చదివిన ఉత్తరం

తార తొమ్మిదో తరగతిలో ఉండగా, 1988 వానాకాలంలో, తెలియని దేశానికి మొదటి ఉత్తరం రాసింది. వాళ్ళ తండా నడిగూడెం పక్కన. తార సూర్యాపేటలో బాలికల హాస్టల్లో ఉండి చదువుకునేది. తండ్రి హీరాలాల్ అదే ఊళ్ళో మార్కెట్ యార్డులో హమాలీ. వారమంతా బస్తాలు మోసి ఆదివారం ఇంటికి పోయేవాడు.

ఇంగ్లీషు చెప్పే కృష్ణమూర్తి సారు ఒకరోజు విదేశాల కలం స్నేహితుల చిరునామాలు తెచ్చి తలా ఒకటి పంచాడు. తారకు నార్వే దేశంలోని ఇంగా అనే అమ్మాయి చిరునామా వచ్చింది. ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో సారు బోర్డు మీద రాశాడు: నేను క్షేమం, నీవు క్షేమమని తలుస్తాను, నా హాబీ స్టాంపులు సేకరించడం. క్లాసంతా దాన్నే దించుకుంది. తార దించుకోలేదు. ఆమె ఏనాడూ స్టాంపులు సేకరించలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో తన ప్రశ్నే రాసింది.

“ఇంగా, మా ఇంట్లో ఒక భాష, బళ్ళో ఒక భాష. మా ఇంటి భాషకు అక్షరాలు లేవు. మీకూ అంతేనా? నువ్వు ఏ భాషలో కల కంటావు?”

సారు చదివి కళ్ళజోడు తీశాడు. “ముక్కూ మొహం తెల్వని పిల్లను మొదట్నే గిట్ల అడుగుతరా? మన దేశం గురించి నాలుగు మంచి మాటలు రాయాలె గదా.”

“నాకు తెల్సుకోవాలనున్నది ఇదే సార్,” అంది తార. ఆయన కొట్టేసిన వాక్యాలనే మళ్ళీ రాసి పోస్టు చేసింది.

రెండు నెలలకు జవాబొచ్చింది గానీ తార చేతికి రాలేదు. వార్డెన్ ఆండాళు మేడమ్ కవరు చింపి, చదివి, బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆమెది కోదాడ. చెడ్డ మనిషి కాదు. పిల్లలకు జ్వరమొస్తే దగ్గర కూర్చుని జావ తాగించేది. కానీ తండా పిల్లలు హాస్టల్లో తమ భాష మాట్లాడితే ఊరుకునేది కాదు. ఆ మాటలు మానితేనే వాళ్ళు పైకొస్తారని గట్టిగా నమ్మింది.

“ఉత్తరం నాది మేడమ్,” అంది తార.

“నీదే. పదో తరగతి అయ్యాక ఇస్తాను. పరాయి దేశం వాళ్ళతో నీకేం పనమ్మా? రేపేదైనా అయితే మీ నాన్నకి నేను జవాబు చెప్పుకోవాలి.”

తార ఏడవలేదు. మరునాడు బడి విడిచాక నేరుగా పోస్టాఫీసుకు పోయి పోస్ట్‌మ్యాన్ లక్ష్మయ్యను పట్టుకుంది.

“హాస్టల్ పేరున్న ఉత్తరం హాస్టల్లనే ఇయ్యాలె బిడ్డా. నేనేం జేస్త?” అన్నాడు లక్ష్మయ్య.

“మా నాయిన పేరు మీద వస్తే? మార్కెట్ యార్డుల హమాలీ, హీరాలాల్.”

“పేరుంటే సాలు. ఎతికి ఇస్త.”

ఆ సాయంత్రమే తార ఇంగాకు మళ్ళీ రాసింది: నీ జవాబు వచ్చింది, నాకు ఇయ్యలేదు, ఈసారి మా నాయిన చిరునామాకు రాయి.

చలికాలంలో ఆ రెండో ఉత్తరానికి జవాబు హీరాలాల్‌కు చేరింది. పుట్టి బుద్ధెరిగాక అతని పేర ఉత్తరం రావడం అదే మొదలు. ఎవరో పోయారనుకున్నాడు. తలకు చుట్టిన గోనెగుడ్డ కూడా విప్పకుండా హాస్టల్‌కు పరుగెత్తాడు. కూతురు చూసి, నార్వే నుంచి అని చెప్పాక గానీ అతని గుండె కుదుటపడలేదు.

అంతలో ఆండాళు మేడమ్ వరండాలోకి వచ్చింది. “చూశావా హీరాలాల్? నేను వద్దంటే నీ పేరు మీద తెప్పించుకుంది. ఇలాగైతే సీటు తీసెయ్యాల్సి వస్తుంది.”

హీరాలాల్ మొహం పాలిపోయింది. “మేడమ్ కాళ్ళు పట్టుకో,” అన్నాడు కూతురితో.

“పట్టుకోను. ముందు ఇది ఇను.”

తార వాకిట్లో నిలబడి ఉత్తరం విప్పి, ఒక్కో వాక్యాన్నీ తమ లంబాడీ మాటల్లోకి మార్చి పైకి చదివింది.

“తారా, మా ఇంట్లోనూ ఒక భాష ఉండేది. దాన్ని సామీ అంటారు. మా అమ్మమ్మ చిన్నప్పుడు హాస్టల్లో చదివింది. ఆ భాష మాట్లాడిందని అక్కడ కొట్టారు. అందుకే ఆమె మా అమ్మకు నేర్పలేదు. అమ్మ నాకు నేర్పలేదు. ఇప్పుడు అమ్మమ్మ నిద్రలో ఏదో మాట్లాడుతుంది, ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. నా కలలు నార్వే భాషలో వస్తాయి.”

“ఆ మాటలు ఆపు. తెలుగులో చదువు,” అంది మేడమ్.

తార ఆపలేదు. పళ్ళేలు కడుగుతున్న నీలా, ద్వాళి తడి చేతులతోనే వచ్చి నిలబడ్డారు. వాళ్ళవీ తండాలే. చివరిదాకా చదివాక తార అదంతా మేడమ్‌కు తెలుగులో చెప్పింది. చెప్పి అడిగింది:

“మొదటి ఉత్తరంల కూడ ఇదే ఉన్నదా మేడమ్?”

ఆండాళు మేడమ్ బీరువా ఉన్న గది వైపు చూపు తిప్పుకుంది.

 హీరాలాల్ తలకు చుట్టిన గోనెగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు. “సీటు తీసేస్తే తీసేయిండ్రి అమ్మా. నా తాన ఉండి సదువుకుంటది. ఉత్తరాలు మాత్రం వస్తయ్. నేనే తెచ్చిస్త.”

సీటు పోలేదు. మాట విననందుకు పదిహేను రోజులు బోరింగు కొట్టి హాస్టల్ తొట్టి నింపమని శిక్ష పడింది. తార నింపింది. రెండో రోజు నుంచి నీలా, ద్వాళి ఎవరూ పిలవకుండానే వచ్చి బోరింగు పట్టారు. ముగ్గురూ నీళ్ళు కొడుతూ ఇంటి భాషలోనే మాట్లాడుకున్నారు. మేడమ్ ఒకసారి లేచి తన గది కిటికీ వేసుకుంది. వాళ్ళు గొంతు ఇంకాస్త పెంచారు.