ప్రధాన సంపాదకుడు చదవని పేజీలు

జగిత్యాల శివార్లలోని విశ్వవిద్యాలయ పీజీ కళాశాలకు ఆ ఏడు తనిఖీ బృందం వస్తుందని కబురు అందింది. చూపించడానికి భవనాలున్నాయి, బోర్డులున్నాయి, లైబ్రరీలో ఎవరూ విప్పని పుస్తకాలున్నాయి. లేనిదల్లా వార్షిక సంచిక. ప్రిన్సిపాల్ వెంకటేశం వెంటనే సంపాదక వర్గం వేశాడు. ప్రధాన సంపాదకుడిగా తన పేరు రాసుకున్నాడు. పని చేయడానికి కల్పనను వేశాడు.

కల్పన తెలుగు శాఖలో కాంట్రాక్టు అధ్యాపకురాలు. కొడిమ్యాలలో కల్లు కోసం తాటిచెట్లు గీసే రాజమల్లు కూతురు. ప్రతి జూన్‌లోనూ ఉద్యోగం మళ్లీ ఇస్తారో ఇవ్వరో అని ప్రిన్సిపాల్ మొహం చూస్తూ బతికే మనిషి. ఆయన ఏమన్నా తల ఊపేది. ఇంటికి వెళ్లాక అలా ఊపినందుకు తనను తాను తిట్టుకునేది.

సంపాదక వర్గం మొదటి సమావేశం ఒక మధ్యాహ్నమంతా సాగింది. పిల్లలు ఏం రాయాలన్న మాట ఎవరి నోటా రాలేదు. ఉపకులపతి ఫొటో ఎంత పెద్దదుండాలి, రిజిస్ట్రార్ ఫొటో దానికన్నా ఎంత చిన్నగా ఉంటే ఇద్దరికీ కోపం రాదు అన్నదాని మీదే పెద్దలంతా తలలు బద్దలుకొట్టుకున్నారు. సమోసాలు అయిపోయాక, సందేశాలకు రంగుల కాగితం, విద్యార్థుల రచనలకు మామూలు కాగితం అని తీర్మానించి లేచారు.

ఆ సందేశాలన్నీ కల్పనే రాసింది. పెద్దలు తమ పేర్లతో ఉన్న ఆ నాలుగేసి వాక్యాలను చదవకుండానే సంతకాలు పెట్టారు. ఇద్దరి సందేశాలు పొరపాటున ఒక్కటే అయ్యాయి. ఆ సంగతి ఎవరూ కనిపెట్టలేదు.

విద్యార్థుల నుంచి వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఫోన్లలోంచి ఎత్తి రాసినవే. ఒక్కటి మాత్రం వేరుగా ఉంది. పెగడపల్లి నుంచి బస్సులో వచ్చి చదువుకునే దీవెన రాసిన వ్యాసం. పేరు ‘మా అవ్వ నాట్లు’. వాళ్ల వైపు తల్లిని అవ్వ అంటారు. దీవెన తల్లి దేవవ్వకు గుంట భూమి లేదు. కూలికి నాట్లు వేస్తుంది. తెల్లవారకముందే ఆటోలో ఇరుక్కుని పోవడం, గట్టు మీద కూర్చుని సద్ది తినడం, బురదలో నాని వేళ్ల సందులు పాసిపోతే పసుపూ నూనే రాసుకోవడం, పొలం ఆసామి మీద ఆడవాళ్లంతా విసిరే వెటకారపు మాటలు, అన్నీ అందులో ఉన్నాయి. తల్లి ఎలా మాట్లాడుతుందో అలాగే రాసింది దీవెన. ‘ఎవల పొలమైతేంది బిడ్డ, బురద ఒక్కతీర్గనే సల్లగుంటది’ అంటుంది ఒకచోట ఆ తల్లి. కల్పన ఆ వాక్యం దగ్గర ఆగి, మళ్లీ చదువుకుంది.

వెంకటేశం మాత్రం మొదటి పేరా దగ్గరే ఆగిపోయాడు.

“గిదేం భాష కల్పనా? మనం ఇండ్లల్ల మాట్లాడుకునే భాష తీస్కచ్చి పుస్తకంల పెడుతరా? తనిఖీకి అచ్చినోళ్లు సూసి నవ్వరా?”

తాను ఆ మాటలు ఏ భాషలో అన్నాడో ఆయన చెవికి ఎక్కలేదు. ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాడు. ఆ రోజుల్లో ఆయన చేసిన సంపాదకత్వం అదొక్కటే. రెండో రోజు కాగితాలు తిరిగొచ్చేసరికి దేవవ్వ పొలం గట్టు మీద అల్పాహారం స్వీకరిస్తోంది. ‘ఎవరి పొలమైతే ఏమున్నది అమ్మాయీ, బురద ఒకే విధమైన చల్లదనాన్ని కలిగి ఉంటుంది’ అంటోంది.

కల్పన ఆ దిద్దిన కాగితాల నకలు దీవెనకు ఇచ్చింది. దీవెన నిలబడే చదివింది. ఆమెకు కోపం వస్తుందనుకున్నది కల్పన. కానీ దీవెన మొహంలో ఉన్నది కోపం కాదు, ఆ కాగితాలను చెప్పుకు అంటిన పేడను చూసినట్టు చూసింది.

“గీమె మా అవ్వ గాదు మేడం. టీవీల వార్తలు సదివేటామె. నా పేరు తీసెయ్యుండ్రి.”

కల్పన సర్దిచెప్పబోయింది. అచ్చులో పేరుంటే రేపు పనికొస్తుందనీ, పెద్దవాళ్లతో పెట్టుకోవద్దనీ ఏవేవో అన్నది. దీవెన అంతా విన్నది.

“మన భాషకు సిగ్గువడొద్దని మీరు క్లాసుల గంటసేపు చెప్పిండ్రు. గదంత పరీక్షల రాసెతందుకేనా మేడం?” అని అడిగి, జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయింది.

అచ్చు పని సిరిసిల్లలో. మరమగ్గాల షెడ్ల మధ్య సందులో, పెళ్లి పత్రికలూ ఎన్నికల కరపత్రాలూ వేసే ప్రెస్సు. కల్పన చివరి పేజీలు చూడటానికి వెళ్లిన రోజున ప్రెస్సు యజమాని హన్మండ్లు ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. అప్పుడే వెంకటేశం ఫోన్ చేశాడు. కొత్తగా దిగిన ఫొటో పంపిస్తున్నానన్నాడు. ఇప్పటికే సంచికలో ఆయన మొక్క నాటుతూ, రిబ్బను కత్తిరిస్తూ, కంప్యూటర్ వైపు వేలు చూపిస్తూ ఉన్నాడు. ఇది కుర్చీలో కూర్చున్న ఫొటో. దానికి చోటెక్కడిదని కల్పన అడిగింది. పేరు వద్దన్న పిల్ల వ్యాసం ఎత్తేసి అక్కడ పెట్టమన్నాడు. ఆ పిల్లకు తలపొగరు ఎక్కువైందని కూడా అన్నాడు.

ఫోన్ పెట్టేశాక కల్పన తెర మీద ఉన్న పేజీలను చూస్తూ కూర్చున్నది. పక్క షెడ్డులో మగ్గాల చప్పుడుకు బల్ల మీది గ్లాసు సన్నగా అదురుతోంది. జూన్ గుర్తొచ్చింది. దీవెన జవాబు కోసం చూడకుండా వెళ్లిపోవడం గుర్తొచ్చింది. ఇంతలో ఫోన్‌లోకి ఆ ఫొటో వచ్చింది. కుర్చీలో కూర్చుని చిరునవ్వు నవ్వుతున్న ఆ మొహాన్ని చూస్తే ఆమెకు మొట్టమొదటిసారి భయం వేయలేదు. అసహ్యం వేసింది.

దీవెనకు ఫోన్ చేసి, నువ్వు రాసింది రాసినట్టే వేస్తే పేరు ఉంచవచ్చా అని అడిగింది. రాసినట్టేనా అని దీవెన రెండుసార్లు అడిగింది. అట్లయితే ఉంచండని అన్నది కానీ, నమ్మినట్టు లేదు. ప్రిన్సిపాల్ మొక్క నాటే ఫొటోను కల్పన పేజీలోంచి తీసేయించి, అక్కడ కుర్చీ ఫొటో పెట్టించింది. దీవెన మొదట పంపిన వ్యాసాన్ని ఒక్క అక్షరం మార్చకుండా ఎక్కించింది.

సంచికలు వచ్చాయి. కల్పన రోజూ పిలుపు వస్తుందని ఎదురుచూసింది. పిలుపు వచ్చింది. కుర్చీ ఫొటోలో రంగు కొంచెం నల్లగా పడిందని చెప్పడానికి. సంపాదక వర్గంలోని మిగతావాళ్లు తమ తమ ఫొటోల దాకా తిరగేసి, సంచిక అద్భుతంగా ఉందన్నారు. ఇన్నేళ్లూ తాను భయపడింది ఈ మనుషులకా అని కల్పనకు నవ్వొచ్చింది.

తనిఖీ రోజున ఆవిష్కరణ సభ పెట్టారు. బృందంలో జ్యోతి అనే తెలుగు ఆచార్యురాలు ఉంది. వేదిక మీద ఉపన్యాసాలు సాగుతుంటే ఆమె విసుగ్గా సంచిక తిరగేస్తూ ఒకచోట ఆగింది. తన వంతు వచ్చినప్పుడు మైకు దగ్గరికి సంచిక పట్టుకుని వెళ్లి, దేవవ్వ బురద మాట చదివి వినిపించింది. హాల్లో పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇది రాసినవాళ్లెవరని అడిగి దీవెనను పైకి పిలిచింది.

వెంకటేశం తానూ మైకు అందుకున్నాడు. వేదిక ఎక్కితే ఆయన భాష మారిపోతుంది.

“ఆ పల్లె సొబగు చెడకూడదని నేనే స్వయంగా కూర్చుని, ప్రతి వాక్యాన్నీ సరిచూశాను మేడం.”

దీవెన ఆయన పక్కనే నిలబడి ఉంది. మైకు ఇవ్వమని చెయ్యి చాపింది. ఆయన కృతజ్ఞతలు చెబుతుందనుకుని ఇచ్చాడు.

“సార్ దిద్దిన కాయిదాలు నా దగ్గరున్నయి. వాటిల్ల మా అవ్వ గట్టు మీద అల్పాహారం తిన్నది. గీ పుస్తకంల ఉన్నది సార్ దిద్దింది గాదు. నేను రాసింది.”

హాలంతా గొల్లున నవ్వింది. అందరికన్నా గట్టిగా వెంకటేశమే నవ్వాడు. నవ్వుతూనే కల్పన కోసం వెతికాడు. ఆమె వెనక వరసలోంచి లేచి నిలబడింది.

“నేనే పెట్టిన సార్,” అన్నది.

జూన్‌లో ఆమె ఉద్యోగం మళ్లీ ఇవ్వలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. ఇప్పుడు కోరుట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతోంది. జీతం తక్కువ. దీవెన పరీక్షల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. జ్యోతి ఆ పిల్ల ఫోన్ నంబర్ తీసుకోవడం వెంకటేశం చూశాడు మరి.

వానాకాలం నాట్లు ముగిశాక దీవెన పిలిస్తే కల్పన పెగడపల్లి వెళ్లింది. దేవవ్వ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆమెకు చదువు రాదు. దీవెన సంచిక తెచ్చి వ్యాసమంతా చదివింది. ఆసామి మీద మాటలు వచ్చినప్పుడు దేవవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చదవడం అయ్యాక సంచిక తీసుకుని పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పింది. ఫొటోల కింద ఏముందని అడిగింది. వాళ్ల పేర్లని దీవెన చెప్పింది.

“మరి నా పేరేడున్నది?”

దీవెన పేజీల్లోకి చూసింది. అన్నిచోట్లా ‘మా అవ్వ’ అనే ఉంది. కల్పన కూడా చూసింది. అన్నిసార్లు చదివినా తనకూ ఆ సంగతి తట్టలేదు. గబగబా సంచిలోంచి పెన్ను తీసి, ఇప్పుడు రాస్తానన్నది.

“గిప్పుడు రాస్తె ఒక్క దాంట్లనే ఉంటది గద మేడం,” అన్నది దేవవ్వ. నొచ్చుకున్నట్టు అనలేదు, ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. సంచిక బిడ్డ చేతికిచ్చి, చాయ్ పెట్టడానికి లేచింది.