పన్నెండో రాయి

ముందు వాసన వచ్చేది.

మనుషుల కన్నా ముందు. మెట్ల మీద చెప్పుల చప్పుడు కన్నా ముందు. తడిసిన మట్టి, నలిగిన ఆకు, ఎండకి కాగిన రాయి — అన్నీ కలిసిన వాసన. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి అది తలుపు తోసుకుని లోపలికి వచ్చి, కుట్టుమిషను నూనె వాసనని పక్కకి నెట్టేసేది.

ఆ తర్వాత వాళ్ళు వచ్చేవాళ్ళు. భర్త. కూతురు. ఆడపడుచు.

ముగ్గురి మొహాల్లోనూ ఒకటే వెలుగు.

దర్జీ తల ఎత్తేది కాదు. అంచు మడుస్తున్నట్టు, మడత కుదరనట్టు, కళ్ళు గుడ్డలోనే పెట్టుకునేది.

"ఆకలేస్తోందమ్మా!" అనేది కూతురు.

ఆకలి... ఆ ఒక్క మాట కోసం ఆ ఇంట్లో ఎంత ఎదురుచూశారో.

చలికాలంలో పిల్లకి జ్వరం వచ్చింది. నలభై రోజులు. నలభై రోజులూ నుదుటి మీద తడిగుడ్డ మార్చింది తను. చెంచాతో జావ పట్టింది తను. కుర్చీలో కూర్చునే కునుకు తీసింది తను. జ్వరం పోయింది. పోతూ పోతూ పిల్ల నవ్వుని కూడా వెంట తీసుకుపోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల గోడకేసి తిరిగి పడుకునేది. పొద్దస్తమానం బొమ్మలు గీసే పిల్ల పెన్సిలు ముట్టలేదు. డాక్టరు టానిక్కులు రాశాడు.

అప్పుడు వచ్చింది ఆడపడుచు. భూములు కొలిచే సర్వేయరు. ఎండా వానా లెక్కచేయని మనిషి. రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది.

"నాలుగు గోడల మధ్య పెడితే ఎలా కోలుకుంటుంది వదినా? ఆదివారం ఊరి చివర కొండకి తీసుకెళ్దాం. మీరూ రండి."

"నాకెక్కడ తీరుతుంది?"

నిజమే. ఆదివారం అందరికీ సెలవు, అందుకే దర్జీకి సెలవు లేదు. కుట్టించుకున్నవి వేసి చూసుకోడానికి జనం ఆ రోజే వస్తారు.

మొదటి వారం పిలిచారు. రెండో వారం పిలిచారు. మూడో వారం నుంచి పిలవలేదు.

రానన్నది తనే. పిలవలేదని ఒళ్ళు మండిందీ తనకే.

మొదటి వారం పిల్ల సగం దారి నాన్న వీపు మీదే ఎక్కిందట. రెండో వారం వాగు దాకా నడిచిందట. ఐదో వారం పరిగెత్తిందట. అన్నీ వినడమే. కళ్ళారా చూసింది ఒక్కటీ లేదు.

ఆడపడుచు పిల్లకి "ఉడత" అని పేరు పెట్టింది. భర్తా అదే పేరు అందుకున్నాడు. "బంగారూ" అని అమ్మ పిలిస్తే రెండోసారికి గానీ పలకని పిల్ల, "ఉడతా" అంటే ఎక్కడున్నా ఎగిరి వచ్చేది.

సంతోషించాలి. సంతోషించింది కూడా. పిల్ల చెంపల్లో రంగు చూసి, కంచం ఖాళీ చేయడం చూసి, పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది.

కానీ అడుగున, ఎక్కడో — మంట.

అసూయ. దానికి ఇంకో పేరు లేదు.

కొండ మీద అసూయ. గాలి మీద. వాగు మీద. ఎండ తగిలి నిగనిగలాడే ఆడపడుచు మీద. నలభై రోజులు పక్కన కూర్చున్నది నేను... నవ్వు మాత్రం తీసుకెళ్ళి కొండకి ఇచ్చిందా?

ఓ బుధవారం దర్జీ ఆడపడుచు చొక్కాకి గుండీలు కుట్టి, ఇవ్వడానికి ఆమె ఇంటికి వెళ్ళింది.

కిటికీ గట్టు మీద రాళ్ళు. వరసగా. పదకొండు. ఒక్కో రాయి కింద ఓ చిన్న కాగితం. కాగితం మీద పెన్సిలు అక్షరాలు — "వాగు దగ్గర". "పిట్టగూడు చెట్టు కింద". "అత్త జారిపడ్డ చోట".

పెన్సిలు ముట్టని పిల్ల అక్షరాలు.

"అంతా మన ఉడత పనే," అని నవ్వింది ఆడపడుచు. "వారానికొకటి ఏరి జేబులో వేసుకొస్తుంది. నా ఇల్లు రాళ్ళ కొట్టు చేసేసింది. టీ తాగుతారా వదినా?"

తాగింది. రుచి తెలియలేదు. ఇంటికి వచ్చే దారంతా లెక్కపెట్టుకుంది. పదకొండు. అమ్మకి ఒక్కటీ లేదు.

శనివారం పిల్ల ప్యాంటు పట్టుకొచ్చింది. "అమ్మా, జేబు అడుగు చిరిగింది. రాయి వేస్తే జారిపోతుంది. కుట్టి పెట్టవా?"

కుట్టింది. అడుగున రెండు వరసలు, గట్టిగా.

తర్వాత చెయ్యి ఆగలేదు.

జేబు మూతి కూడా కుట్టేసింది. గుడ్డ రంగు దారంతోనే. వేలు పెట్టి చూస్తే తప్ప తెలియనంత సన్నటి కుట్టు. చెయ్యి తిరిగిన దర్జీ, జేబుకి మూతి ఏదో అడుగేదో తెలియకుండా కుట్టదు. తెలిసే కుట్టింది. ఇస్త్రీ చేసి, మడత పెట్టి, పిల్ల మంచం మీద పెట్టింది.

ఆదివారం లేస్తూనే ఆ కుట్టు విప్పేద్దామని వెళ్తే, పిల్ల అప్పటికే ప్యాంటు వేసుకుని గుమ్మంలో గెంతుతోంది.

"నేనూ వస్తా," అంది దర్జీ.

ఎందుకందో తనకే తెలియదు. ఆ కొండ మొహం ఎలా ఉంటుందో చూద్దామనో... పిల్ల చెయ్యి జేబు మీదికి పోకుండా చూద్దామనో. కొట్టు తలుపుకి "ఈ రోజు సెలవు" అని అట్టముక్క తగిలించింది.

భర్త కళ్ళు పెద్దవి చేశాడు. "ఇంకేం, కొండకి కూడా కొలతలు తీసేస్తావు."

కొలతల టేపు నిజంగానే మెడలో ఉండిపోయింది. సగం కొండ ఎక్కాక గానీ ఎవరూ చూడలేదు. ఆడపడుచు చూసి, నవ్వీ నవ్వీ ఓ బండ మీద కూలబడింది. "కొలిచేదాన్ని నేనైతే, టేపు మీ మెడలోనా వదినా!"

అందరూ నవ్వారు. తనకీ నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు కోపమొచ్చింది.

గాలి వీచింది. మిషను మీద వంగి వంగి బిగుసుకుపోయిన మెడ దానంతట అదే వదులైంది. పాడు కొండ... బాగుంది.

"అమ్మా, టేపు ఇటివ్వు!"

పిల్ల ఒక కొస పట్టుకుని లావుపాటి చెట్టు చుట్టూ తిరిగింది. రెండో కొస అమ్మ చేతిలో. చెట్టు వెనక నుంచి పిల్ల గొంతు — "వదలకమ్మా, వదలకు!"

వదల్లేదు.

టేపు చాలలేదు. జానెడు తక్కువైంది. ఆ జానెడూ పిల్ల తన అరచేత్తో కప్పింది.

"దీనికి గౌను కుట్టాలంటే ఎంత గుడ్డ కావాలమ్మా?"

"మన కొట్టంతా కావాలి."

పిల్ల కిలకిలా నవ్వింది. ఆ నవ్వు — ఇన్ని వారాలుగా వాళ్ళ మాటల్లోనే ఉన్న ఆ నవ్వు — మొదటిసారి చెవిన పడింది.

చెట్టు మొదట్లో దొరికింది రాయి. నల్లటిది. మధ్యలో తెల్ల గీత. పిల్ల దాన్ని తుడిచి, జేబులో వేసుకోబోయింది.

వేళ్ళు లోపలికి పోలేదు.

మళ్ళీ చూసింది. వంగి చూసింది. కుట్టు పొడుగునా వేలితో తడిమింది — ఆ చివర నుంచి ఈ చివర దాకా, మెల్లగా. ఆ కుట్టు ఎవరిదో పిల్లకి తెలుసు. పుట్టినప్పటి నుంచీ ఆ చేతి బట్టలే వేసుకుని తిరిగింది.

తల ఎత్తి అమ్మని చూసింది.

పొరపాటున పడిందని చెప్పొచ్చు. దర్జీ టేపు చుట్టి మళ్ళీ మెడలో వేసుకుంది.

ఆడపడుచు ముందు నడుస్తోంది. భర్త నీళ్ళ సీసా మూతతో కుస్తీ పడుతున్నాడు. ఎవరూ చూడలేదు. ఇద్దరికే తెలుసు.

పిల్ల అమ్మ చెయ్యి లాగి, అరచేతిలో రాయి పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచింది.

"నువ్వు పట్టుకో. ఇంటికెళ్ళాక ఇద్దువుగాని."

అని పరిగెత్తింది.

దిగే దారంతా దర్జీ పిడికిలి విప్పలేదు. జారే చోట భర్త చెయ్యి అందిస్తే, ఖాళీగా ఉన్న చెయ్యే ఇచ్చింది.

ఇప్పుడు సాయంత్రం. పిల్ల తిని, అలసి, నిద్రపోయింది — గోడకేసి కాదు, ఇటు తిరిగి. ప్యాంటు మిషను మీద ఉంది. కుట్లు విప్పే చిన్న కత్తితో జేబు మూతి విప్పుతోంది దర్జీ. ఒక్కో కుట్టూ, ఒక్కో కుట్టూ... ఒంటి చేత్తో. రెండో చేతిలో ఇంకా రాయి ఉంది.

అక్కడ కిటికీ గట్టు మీద పన్నెండో రాయికి చోటుంది. తను చూసింది. ఇక్కడ మిషను మీదా చోటుంది.

ఇద్దువుగాని, అంది పిల్ల. ఎవరికో చెప్పలేదు.

లేచాక అడగొచ్చు. అడగాలంటే భయం.

గదిలో వాసన. తడిసిన మట్టి, నలిగిన ఆకు, ఎండకి కాగిన రాయి. ఎవరో వస్తున్నారనుకుని, అలవాటుగా తల దించుకుంది. ఎవరూ రాలేదు.

తలుపు మూసే ఉంది. వాసన తన చేతి నుంచే వస్తోంది.