ప్రార్థన అయ్యేలోపు బోల్టు

ప్రేమ్‌రాజ్‌కు పంతం వస్తే ఇక పట్టపగ్గాలుండవు. అబిడ్స్ పోస్టాఫీసు గుమాస్తాకు కారు రిపేరు దేనికయ్యా అని నాంపల్లి గల్లీ అంతా నవ్వినా వినలేదు. శనివారం పొద్దున్నే ముందు చక్రాలు ఊడదీసి, వాటిని పట్టి ఉంచే లోయర్ ఆర్ములు రెండూ విప్పి, కొత్తవి బిగించేశాడు.

పంతానికి కారణముంది పాపం! వాళ్లమ్మ జిప్పోరమ్మకు మోకాళ్లు పోయాయి, బస్సెక్కడం చేతకాదు. మెదక్‌లో ఆమె చెల్లెలు బుజ్జమ్మ మంచాన పడి అక్క కోసం కలవరిస్తోంది. పోయిన నెల బయల్దేరితే, అరిగిన ఆర్ములు టకటకమని, కారు ఓ పక్కకు లాగేయడంతో ఖైరతాబాద్ నుంచే వెనక్కొచ్చారు. జిప్పోరమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

"ఈసారి గూడ గట్లనే అయితే నేనింక ఎక్క బిడ్డా. దానికి పరలోకంలనే కనబడ్త" అంది.

ఆ మాట ప్రేమ్‌రాజ్ గుండెల్లో ముల్లులా దిగింది.

ఆదివారం పొద్దున అందరూ కారెక్కారు. ప్రార్థన కానిదే ఆ ఇంట్లో ఏ బండీ కదలదు. ఆమేన్ అనేదాకా కళ్లు తెరవడం మహాపాపం! జిప్పోరమ్మ మొదలుపెట్టిందంటే చుట్టాలూ పక్కాలూ పాలవాడూ పూర్తయితే గానీ ఆపదు.

అందరూ కళ్లు మూసుకున్నారు, ప్రార్థన మొదలైంది. వాళ్ల బరువుకు కారు కుంగింది. ముందు చక్రాల దగ్గర కిర్రుమంది. ప్రేమ్‌రాజ్‌కు ముచ్చెమటలు పోశాయి. ఓరి దేవుడా! తెలియక కాదు, ఆత్రం కొద్దీ చక్రాలు గాల్లో వేలాడుతుండగానే ఆర్ముల బోల్టులు బిగించేశాడు. ఇప్పుడు లోపలి రబ్బరు బుష్షులు పిండిన తడిబట్టలా మెలిపడి ఉన్నాయి. ఇలాగే పోతే దారిలోనే చిరుగుతాయి. కారు బరువు చక్రాల మీద ఉండగానే బోల్టులు వదులు చేసి మళ్లీ బిగించాలి.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచాడు. చప్పుడు కాకుండా దిగి, పానా తీసుకుని కారు కిందికి దూరాడు. భార్య ఎమిలీ ఒక కన్ను తెరిచి చూసి నోరు వెళ్లబెట్టింది.

"అత్తమ్మా, ఈయన..."

"కండ్లు మూసుకో" అంది జిప్పోరమ్మ. పానా చప్పుడు ఆమెకూ వినిపించింది. పాలవాడి దాకా వచ్చిన ప్రార్థన మళ్లీ మొదటికెళ్లింది. "ప్రభువా, మొజంజాహీ మార్కెట్ల పండ్లమ్మే రాజయ్యను దీవించు. ఆయన కోడల్ని దీవించు. ఆయన బండిని దీవించు. కింద పండుకున్న నా కొడుకు చేతులను గూడ జర దీవించు తండ్రీ..."

ఒక పక్కయింది. రెండో పక్కకు పాకాడు. పైన దీవెనలు పక్కింటి మేకల దాకా వెళ్లాయి.

"అయిందా బిడ్డా?"

"అయిందమ్మా!"

"ఆమేన్."

ఆమేన్ అని కారు కిందనుంచీ వినిపించింది.

గల్లీ చివర గుంటలో చక్రం దిగి లేచింది. ఏ చప్పుడూ లేదు. ఖైరతాబాద్ దాటాక జిప్పోరమ్మ వెనకసీటు నుంచి కొడుకు గ్రీజు చెయ్యి పట్టుకుని, కొంగుతో తుడిచింది.

"జర తేజ్ పోనియ్యి" అంది. "బుజ్జి ఎదురుచూస్తుంటది."