బొటనవేలికి తెలిసిన గాడి

ఆ ఫోటో స్టూడియోలో ముప్పై ఏళ్ళుగా పని రెండు వాటాలు. వెలుతురు ఆయనది, చీకటి ఆమెది. ఆయన ముందు గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి, "గడ్డం కాస్త పైకి... ఆఁ, చాలు, మరీ ఆకాశం చూడకండి" అంటూ ఫోటో తీసేవాడు. ఆమె వెనక గదిలో తలుపు బిగించుకుని, ఆ ఫిల్మును మందునీళ్ళలో కడిగి బొమ్మను బయటికి తెచ్చేది. ఆయన్ని అందరూ మాస్టారు అనేవారు. ఆమె ఎప్పుడు పిలిచినా చీకటిగదిలోంచి కళ్ళు చికిలించుకుంటూ వచ్చేది కనక చీకటమ్మ అనేవారు. మొదట్లో ఆ పేరు వింటే ఆమెకు ఒళ్ళు మండేది. పోనుపోను మండడానికి కూడా ఓపిక లేకపోయింది.

కెమెరా పాతకాలపు చెక్కది, మూడు కాళ్ళ మీద నిలబడేది. ముందు లెన్సు, మధ్యలో హార్మోనియం తిత్తిలా ముడుచుకుని సాగే తోలు, వెనక గరుకుటద్దం. ఎదుటి మనిషి మీద పడిన వెలుతురు లెన్సులోంచి దూరి ఆ అద్దం మీద తలకిందులుగా వాలేది. మాస్టారు నెత్తిన నల్లగుడ్డ కప్పుకుని, లెన్సున్న పలకను కింది పట్టా మీద ముందుకీ వెనక్కీ జరుపుతూ, ఆ తలకిందుల మొహంలో కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనబడేదాకా చూసేవాడు. అప్పుడు అద్దం ఉన్నచోట ఫిల్ము పెట్టి లెన్సు తెరిచేవాడు. ఆ కెమెరాను ఆమె తుడవవచ్చు, మోయవచ్చు. దాని గుడ్డ కింద మాత్రం ఎన్నడూ తల పెట్టలేదు. పెట్టవద్దని ఆయన అనలేదు, పెట్టమనీ అనలేదు. కాపురంలో సగం చట్టాలు ఇలాగే పుడతాయి, తరవాత ఎవరూ కొట్టెయ్యరు.

తీసినవాడి కన్ను ఎక్కడ ఆగిందో కడిగేవాళ్ళకే మొదట తెలుస్తుంది. ఏడాదిగా ఆ తెలియడం ఆమె ప్రాణాన్ని తోడేస్తూ వచ్చింది. నెగటివును దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెనక తెర మీది కుట్టు దారంపోగుతో సహా కనబడేది. తెర ముందు కూర్చున్న మనిషి మొహం మాత్రం ఆవిరి పట్టినట్టు మసక. మొదటిసారి ఆ మనిషి కదిలాడేమో అనుకుంది. రెండోసారి కుర్చీ కదిలిందేమో అనుకుంది. ఆ తరవాత ఏమీ అనుకోలేక గోడకు ఆనుకుని నిలబడింది. ఆ గదిలో కూర్చోవడానికి పీట కూడా లేదు.

మాస్టారు లెన్సును తిట్టాడు. లోపల బూజు పట్టిందని శుభ్రం చేయించడానికి పంపాడు. అది తళతళలాడుతూ వచ్చింది, మొహాలు మాత్రం మసకగానే ఉన్నాయి. మళ్ళీ పంపాడు. ఆడలేక మద్దెల ఓడన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది. కళ్ళతో అన్నం తిన్నవాడికి నీ కళ్ళు పోతున్నాయని ఏ నోటితో చెప్పడం? ఆయన "ఎట్లా వచ్చింది?" అని అడిగినప్పుడల్లా "బాగానే వచ్చింది" అనేది. ఆయన నెగటివును కిటికీ వైపు పట్టుకుని, కోడి గింజను చూసినట్టు తల పక్కకు వాల్చి చూసి, "ఊఁ" అనేవాడు. పనికిరానివి ఆమె చాటుగా పారేసి, వచ్చినవాళ్ళతో "మందు చెడిపోయిందండీ, నా పొరపాటే, ఇంకొక్కసారి కూర్చోండి" అని బతిమాలేది.

బ్యాంకు క్యాషియరు అలా మూడుసార్లు కూర్చున్నాడు. మూడోసారి కూడా అదే మాట చెప్పేసరికి ఆయన ఓపిక తెగింది.

"ముప్పై ఏళ్ళుగా ఆ తొట్టి ఊపుతున్నావు, ఇంకా చెయ్యి కుదరలేదా? మాస్టారు బంగారంలాంటి ఫోటో తీస్తారు, నువ్వు దాన్ని గంగలో కలుపుతావు. పని చేతకాకపోతే ఇంట్లో కూర్చోరాదూ?"

మాస్టారు పక్కనే ఉన్నాడు. లెన్సు మూతను రుమాలుతో తుడుస్తూ ఉన్నాడు. ఒక్క మాట ఎత్తలేదు. పాపం, ఆయనకు సంగతి తెలియదు కదా అని ఆమె తనకు తానే సర్దిచెప్పుకుని మళ్ళీ చీకట్లోకి వెళ్ళిపోయింది.

ఆ చీకట్లోనే ఆమెకు ఉపాయం తోచింది. ఫిల్ము రేకుకు ఏది ముందో ఏది వెనకో చీకట్లో తెలియడానికి తయారు చేసేవాళ్ళు ఒక మూల చిన్న గాడి కోసి ఉంచుతారు. వేలికి గాడి తగిలితే చాలు, కళ్ళతో పని లేదు. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ఆమె తెర ముందున్న స్టూలును సరైన దూరంలో పెట్టి, కదలకుండా నాలుగు కాళ్ళకూ నేలలోకి మేకులు దిగేసింది. దాని మీద ఒక తలగడ నిలబెట్టి, దాని మొహం అద్దంలో తేటగా వచ్చేదాకా లెన్సు పలకను జరిపి చూసింది. అది కూడా గుడ్డ కప్పుకోకుండా, పక్కనుంచి దొంగలా తొంగి చూసి. ఆ పలక ఆగినచోట కింది పట్టా మీద ఆకురాయితో చిన్న గాడి గీసింది. స్టూలు కదలదు, గాడి కదలదు. ఇక ఆయన బొటనవేలు అక్కడ ఆగితే చాలు.

"స్టూలుకు మేకులెందుకు?" అన్నాడు ఆయన, వచ్చాక.

"కాళ్ళు ఊగుతున్నాయండీ."

"ఊఁ."

ఆ రోజునుంచి మొహాలు తేటపడ్డాయి. బొటనవేలు తనంతట తానే గాడిని పట్టుకుందని, ఆయనకు ఏమీ తెలియలేదని ఆమె సంబరపడింది. కానీ సంబరం వెంట కాపలా కూడా వచ్చిపడింది. ఎవరూ స్టూలు జరపమనకుండా చూడాలి. ఇద్దరు ముగ్గురు కలిసి వస్తే ఏదో సాకు చెప్పి పంపేయాలి. చీకటిగదిలో పని, వెలుతురులో కాపలా. సాయంత్రానికి కాళ్ళు తనవి కానట్టు ఉండేవి.

అలా నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ఆమె అక్క వచ్చింది. అక్క పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని బతుకంతా జనాన్ని వరసలో నిలబెట్టిన మనిషి. ఇప్పుడు జబ్బు ఆమెను వంచేసింది. నడుము మీద శాలువా చుట్టుకుని, గుమ్మం పట్టుకుని లోపలికి వచ్చింది. జడ మాత్రం నెరిసినా ఇంకా పిడికిట పట్టనంత ఒత్తుగా ఉంది.

"రేపు ఆసుపత్రిలో చేరాలి. ఆ మందు ఎక్కిస్తే ఈ జుట్టు మిగలదట, మొహం కూడా మారిపోతుందట. వెనక్కి ఎట్లా వస్తానో, అసలు వస్తానో రానో! మరిదిగారూ, నన్ను అందంగా తీయక్కర్లేదు. ఆ పని దేవుడే చెయ్యలేకపోయాడు. నాలా తీయండి, చాలు."

"అదెంత పని వదినా" అన్నాడు మాస్టారు.

అక్క స్టూలు మీద కూర్చోబోయి మూలిగింది. వెన్ను ఆనించడానికి ఏమీ లేకపోతే నడుము నిలవదట. చీకటమ్మ గుమ్మం పక్కనున్న చేతుల కుర్చీ ఈడ్చుకొచ్చింది. దాన్ని స్టూలు ఉన్నచోటే పెట్టాలి, లేకపోతే గాడి పనికిరాదు. స్టూలు కదిలితే కదా! తను కొట్టిన మేకులే తనకు అడ్డం నిలబడ్డాయి. రెండుసార్లు లాగి చూసింది.

"స్టూలుకు మేకులేమిటే? పారిపోతుందా?" అంది అక్క.

చేసేది లేక కుర్చీని స్టూలు ముందు, మూరెడు దగ్గరగా వేసింది. అక్క కూలబడింది. మాస్టారు నల్లగుడ్డ కింద తల దూర్చాడు.

బొటనవేలు పట్టా మీద జరిగి గాడి దగ్గర ఆగింది. ఆగి, ముందుకు వెళ్ళింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ ముందుకు. చీకటమ్మ ఆ వేలినే చూస్తూ నిలబడింది. ఉన్నది ఒక్క అక్క, రేపటికి ఈ మొహం ఉండదు. నోరు విప్పితే మొగుడి పరువు పోతుంది, విప్పకపోతే అక్క బొమ్మ పోతుంది.

"మరిదిగారూ, లోపల కునుకు తీస్తున్నారా?" అంది అక్క.

గుడ్డ కిందనుంచి మాట వచ్చింది. "వదినా, మీ మొహం నాకు కనబడటం లేదు."

అక్క చేత్తో మొహం తడుముకుంది.

"కుర్చీ చెయ్యి కనబడుతోంది. మీ జడ కొస కనబడుతోంది. మధ్యన మొహం ఉండాల్సిన చోట బూడిద పూసినట్టుంది."

"ఏవండీ..."

"నువ్వాగు. ఇందులోంచి బయటికి వస్తే నేను చెప్పలేను. లెన్సు రెండోసారి శుభ్రమై వచ్చాక కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నా పని ఏమిటో ఆయనకు తెలుసు, అందుకని నాకు అర్థమయ్యేట్టే చెప్పాడు. మీ కంటి లెన్సు బాగానే ఉంది మాస్టారూ, వెనక ఫిల్మే మధ్యలో అరిగిపోయింది, దాన్ని మార్చడం ఎవరివల్లా కాదు అన్నాడు."

చీకటమ్మ లెక్క వేసుకుంది. "అంటే, క్యాషియరు వచ్చినప్పటికి..."

"తెలుసు." గుడ్డ కాస్త కదిలింది. "ఆయన నిన్ను అన్ని మాటలంటుంటే తెలిసే ఊరుకున్నాను. నోరు విప్పితే నేను కెమెరా దగ్గర ఉండననిపించింది. నువ్వు తిట్లు పడ్డా నా వెనకే ఉంటావు కదా అనిపించింది."

ఆమెకు జాలి రాలేదు. కోపం వచ్చింది. ఏడాది పాటు తను మోసిన మూటను పక్కనే నడుస్తూ ఈ మనిషి చూస్తూ ఉన్నాడు! ఆ గుడ్డ లాగిపారేసి నాలుగు కడిగేయాలనిపించింది. కానీ కడగడానికి కూడా బలం కావాలి. చేతులు రెండూ వేలాడేసుకుని నిలబడిపోయింది. తనూ రోజుకో అబద్ధం చెప్పిందన్న సంగతి కాస్త ఆలస్యంగా గుర్తొచ్చింది.

"మీ మొగుడూపెళ్ళాల పంచాయితీ రేపు పెట్టుకోండి, నేనెలాగూ ఉండను" అంది అక్క. "ఈ లోపల నా నడుము విరిగిపోతోంది. ఎవరో ఒకరు తీయండర్రా."

మాస్టారు బయటికి వచ్చాడు. జుట్టు చెదిరి, మొహం తడిగా ఉంది. నల్లగుడ్డ అంచు పైకెత్తి పట్టుకుని, "రా, నువ్వు చూడు" అన్నాడు.

"నాకు రాదండీ."

"ఇన్నేళ్ళూ నా తప్పులన్నీ పట్టినదానివి. నీకు రాకపోవడమేమిటి?"

ఆమె గుడ్డ కిందికి వెళ్ళింది. ఆయన తలనూనె వాసన, పాత తోలు వాసన. ఎదురుగా అద్దం మీద అక్క తలకిందులుగా వేలాడుతూ ఉంది. మసకగా ఉంది. పలకను ముందుకు జరిపినా మసకే, వెనక్కి జరిపినా మసకే. అప్పుడు తెలిసింది, మసక అద్దం మీద లేదు, తన కళ్ళలో ఉందని. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ జరిపింది. అక్క కనురెప్పల వెంట్రుకలు ఒకటొకటిగా విడిపోయాయి.

బయటినుంచి ఆయన గొంతు వినబడింది. "వదినా, గడ్డం కాస్త పైకి... ఆఁ, చాలు, మరీ ఆకాశం చూడకండి. దానికింకా టైముంది."

అక్క నవ్వింది. చీకటమ్మ అద్దం ఉన్నచోట ఫిల్ము పెట్టి, లెన్సు తెరిచి మూసింది.

ఫిల్ము తీసుకుని చీకటిగదికి నడుస్తుంటే ఆయన వెంట వచ్చాడు. "ఆ గదిలో ఎవరి కళ్ళయినా ఒకటే కదా. నన్నూ రానీ." ఉన్నది ఒక్కటే బొమ్మ అని ఆమె తటపటాయించింది. అయినా తలుపు తెరిచి పట్టుకుంది. అక్కను గడియారం చూస్తూ ఉండమని, సమయం కాగానే కేకేయమని చెప్పింది.

దీపం ఆర్పేశాక ఆయన చెయ్యి పట్టుకుని తొట్ల మీద పెట్టింది. "ఎడమవైపుది డెవలపరు, బొమ్మను రప్పించేది. కుడివైపుది హైపో, వచ్చిన బొమ్మను నిలిపేది. తారుమారైతే అక్క ఉండదు."

ఆయన ఫిల్ము అంచు తడిమాడు. "పట్టా మీద నువ్వు గీసిన గాడికి ఇదన్నమాట మూలం" అన్నాడు.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. బొటనవేలు ఆగింది. ఎవరు గీశారో, ఎందుకు గీశారో ఆ వేలికే తెలిసిపోయింది. చెబుదామనుకున్నాను."

"నేనూ చెబుదామనుకున్నాను."

ఆయన తొట్టిని మెల్లగా ఊపాడు. ఆమె చెయ్యి ఆయన చెయ్యి మీదే ఉంది. బయటినుంచి అక్క కేక వినబడ్డాక ఫిల్మును రెండో తొట్టిలోకి మార్చారు. కాసేపు ఆగి ఆమె దీపం వేసింది.

"ఎట్లా వచ్చింది?" అన్నాడు.

"బాగా..." అని ఆగిపోయింది. ఆ మాట తనే అరగదీసింది, ఇప్పుడు దాన్ని ఆయన ఎట్లా నమ్ముతాడు? ఫిల్మును దీపానికి దగ్గరగా పట్టుకుంది.

"నెగటివు కదా, నెరిసిన జుట్టు నల్లగా వచ్చింది, చిన్నప్పటి అక్కలా ఉంది. కనురెప్పలు లెక్కపెట్టుకోవచ్చు. చెవి దగ్గర ఒక వెంట్రుక తెగి పైకి లేచింది, అదీ కనబడుతోంది. పైపన్ను కాస్త వంకర, అదీ వచ్చింది."

ఆయన ఆ ఫిల్ము వైపు తల పక్కకు వాల్చాడు. "మరి ఆ పాతవాటిలో ఏం వచ్చేది?"

"తెర మీది కుట్టు వచ్చేది. మనుషులు వచ్చేవాళ్ళు కాదు."

ఆయన తల ఊపాడు. "ఇక నాకు బాగానే వచ్చిందని చెప్పకు. ఏం వచ్చిందో అది చెప్పు."

"అయితే చెప్పనా? అలిసిపోయానండీ. ఏడాదిగా ఇక్కడ నిలబడి నిలబడి అలిసిపోయాను."

ఆయన తలుపు తీసుకుని గోడ తడుముకుంటూ బయటికి వెళ్ళాడు. వెళ్ళిపోయాడనే అనుకుంది. అంతలో ముందు గదిలో చెక్క విరుగుతున్నట్టు పెద్ద చప్పుడు. "మరిదిగారూ, ఇల్లు కూల్చేస్తున్నారా ఏమిటి!" అని అక్క అరిచింది. మళ్ళీ చప్పుడు. మళ్ళీ ఇంకోటి.

రొప్పుకుంటూ వచ్చాడు. చేతుల్లో స్టూలు ఉంది. నాలుగు కాళ్ళకూ మేకులు వంగి వేలాడుతున్నాయి. దాన్ని తొట్ల పక్కన నేల మీద పెట్టి, రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నాడు.

"కూర్చో" అన్నాడు.

వంగిన మేకుల మీద అది ఊగుతూ ఉంది. ఆమె కూర్చుంది.