కిటికీలు మూసిన ఇల్లు

జిమ్ముకు తాళం పడ్డాక కోచ్ తన ముందుగదినే జిమ్ము చేసుకుంది. సోఫాను గోడవారకు నెట్టి, ఇస్త్రీ బల్ల మీద ల్యాప్‌టాప్ నిలబెట్టి, రోజూ పొద్దున్నే "రండి రండి, బద్ధకాన్ని మంచం మీదే వదిలేసి రండి!" అని గొంతెత్తేది. తెర మీద ఒక్కో గడిలో ఒక్కో కుటుంబం ప్రత్యక్షమయ్యేది. బనీన్లతో తండ్రులు, జుట్టు ముడేసుకుంటూ వచ్చే తల్లులు, ఆవలించే పిల్లలు. అంటుజబ్బు భయంతో ఊరంతా ఇళ్ళలో బందీ అయిన ఆ రోజుల్లో వాళ్ళకు అదొక్కటే సందడి. కోచ్ అత్తగారు వెనక కుర్చీలో కూర్చుని వ్యాఖ్యానం చెప్పేది.

"ఆ మూలగడిలో ఆయన వంగుతున్నాడా, పడిపోయిన బొత్తాం వెతుక్కుంటున్నాడా?"

"అత్తయ్యా, మైకు ఆన్‌లో ఉంది!"

"ఉండనీ. విని ఇంకాస్త వంగుతాడు."

అందరిలోకీ కోచ్‌కు ముచ్చటైన కుటుంబం బ్యాంకాయనది. ఆయన, భార్య, బుడ్డి అని పిలుచుకునే కూతురు, ఆయన తల్లి. పెద్దావిడ కుర్చీలో కూర్చునే చేతులు ఊపేది కానీ అంకెలు మాత్రం అందరికన్నా గట్టిగా లెక్కపెట్టేది. కోచ్ ఆపినా ఆవిడ ఆగేది కాదు.

జబ్బు మొదలైన కొత్తలోనే బ్యాంకాయన అన్న ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆఖరిచూపు కూడా దక్కనివ్వలేదు. ఆ సంగతి ఆయనే ఒకసారి, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆ రోజే వ్యాయామం అయ్యాక ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించాడు. కిటికీ రెక్కల అంచుల వెంట గోధుమరంగు టేపు. వీధి తలుపు కింద చుట్టిన తువ్వాలు. బాత్‌రూమ్ వెంటిలేటర్‌కు బిగించిన ప్లాస్టిక్ కాగితం.

"చూశారా మేడమ్? నా పర్మిషన్ లేకుండా ఈ ఇంట్లోకి గాలి కూడా రాదు!"

అన్ని గడుల్లోనూ నవ్వారు. కోచ్ కూడా నవ్వింది. వెనకనుంచి ఆయన భార్య అంది: "బయటినుంచి ఏది వచ్చినా వేడినీళ్ళలో ముంచాల్సిందేనండీ. పాల ప్యాకెట్ అయినా, మేమైనా. గ్యాస్ గీజర్ పొద్దున వెలిగిస్తే ఇక ఆరదు."

తర్వాత కొన్నాళ్ళకు ఆ గడిలో ఉత్సాహం తగ్గింది. మొదట బుడ్డి. గెంతమంటే నిలబడి చూసేది. తర్వాత బుడ్డి తల్లి, కిందికి వంగి లేచినప్పుడల్లా గోడ పట్టుకునేది. బ్యాంకాయన ఎడమచెయ్యి అంటే కుడిచెయ్యి ఎత్తేవాడు. కోచ్‌కు ఇదంతా కొత్త కాదు. ఇళ్ళలో కూర్చుని కూర్చుని అందరి ఒళ్ళూ మొద్దుబారుతున్నాయి. "ఏంటి బ్యాంకాయన గారూ, రాత్రి సినిమాలు చూస్తున్నారా?" అని ఆటపట్టించింది.

ఆయన నవ్వలేదు. ఏం అడిగిందో అర్థం కానట్టు కాసేపు తెర వంక చూసి, "ఆ... అవును" అన్నాడు.

"ఆ పిల్ల ముఖం చూశావా, అలా కందిపోయిందేంటి?" అంది అత్తగారు ఆ సాయంత్రం.

"వ్యాయామం చేస్తే ముఖం ఎర్రబడదా అత్తయ్యా?"

"చేశాక కాదు. వచ్చి నిలబడేసరికే అలా ఉంది."

కోచ్ ఆ మాట కొట్టిపారేసింది. కానీ నిద్రపట్టే ముందు ఆ మాటే చెవిలో జోరీగలా తిరిగింది. మర్నాడు బ్యాంకాయన భార్యకు ఫోన్ చేసింది. ఆవిడ గొంతు బరువుగా, మత్తుగా ఉంది.

"అందరికీ తలనొప్పేనండీ. జ్వరం లేదు, దగ్గు లేదు. బాల్కనీలో బట్టలు ఆరేసినంతసేపూ నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ఆ తలుపుకీ నిన్న టేపు వేసేశారు."

"ఎందుకూ?"

"జబ్బు లోపలికి వచ్చేసిందని ఆయన అనుమానం. ఇంకెక్కడో సందు ఉందంటారు. పొద్దస్తమానం ఆ సందు కోసమే వెతుకుతున్నారు."

"డాక్టర్ని పిలవకపోయారా?"

ఫోనులో నీళ్ళ శబ్దం వినిపిస్తోంది. "పిలిస్తే తీసుకుపోతారంటారు. వాళ్ళన్నయ్యలాగా. మీరు ఎవరితోనూ అనకండి, ప్లీజ్."

మంచినీళ్ళు బాగా తాగమని, ఒకటి రెండు రోజులు వ్యాయామం మానేసి పడుకోమని కోచ్ చెప్పింది. అంతకుమించి ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు.

కానీ వాళ్ళు మర్నాడు కూడా వచ్చారు. పెద్దావిడ కుర్చీ ఖాళీగా ఉంది. ఆ రోజు అంకెలు ఎవరూ గట్టిగా లెక్కపెట్టలేదు.

"అమ్మగారేరండీ?"

"పడుకుంది. లేపితే కసురుతుంది" అన్నాడు బ్యాంకాయన. ఒక్కో మాటా వెతికి తీసినట్టు వచ్చింది.

కోచ్ వాళ్ళను కూర్చునే చెయ్యమంది. వాళ్ళు సగం చేశారు, సగం మరిచిపోయారు. చివర్లో ఎప్పటిలాగే అందరినీ వెల్లకిలా పడుకోమంది. "కళ్ళు మూసుకోండి. ఒళ్ళంతా వదిలెయ్యండి. ఏమీ ఆలోచించకండి." గడుల్లో అందరూ కదలకుండా పడుకున్నారు. కాసేపటికి "ఇక మెల్లగా లేవండి" అంది.

అందరూ లేచారు. చెమట తుడుచుకుంటూ, చేతులూపుతూ ఒక్కొక్కరే వెళ్ళిపోసాగారు. ఆ ఒక్క గడిలో ముగ్గురూ అలాగే ఉన్నారు.

"బ్యాంకాయన గారూ, నిద్రపోయారా?" కోచ్ నవ్వబోయింది. అవతలినుంచి ధారగా నీళ్ళు పడుతున్న చప్పుడు. దాని కిందుగా గీజర్ రొద.

అత్తగారు కుర్చీలోంచి లేచి తెర దగ్గరికొచ్చింది. "అమ్మాయ్, ఆ ముగ్గురి పొట్టలూ చూడు. ఊపిరి ఆడుతోందా?"

కోచ్ ఫోన్ చేసింది. బ్యాంకాయన చేతి పక్కనే ఆయన ఫోను వెలిగింది, మోగింది, చాప మీద వణుకుతూ జరిగింది. చెయ్యి కదల్లేదు. అత్తగారు తన ఫోనులో అంబులెన్సుకు చేసింది. "అడ్రసా? మాకేం తెలుసు బాబూ! నెంబరుంది, రాసుకో!" అని అరుస్తోంది. రోజూ వాళ్ళ ఇల్లు చూస్తున్నారు, గోడమీది గడియారం కూడా గుర్తే. ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో మాత్రం తెలియదు.

అప్పుడు బుడ్డి తల కాస్త పక్కకు వాలింది.

కోచ్ నోట్లోంచి రోజూ వచ్చే గొంతే వచ్చింది. "బుడ్డీ! లెగు! టైమయింది! బోర్లా తిరుగు!"

పిల్ల కళ్ళు తెరవలేదు కానీ బోర్లా తిరిగింది.

"శభాష్! మోకాళ్ళ మీదికి రా. చేతులు ముందుకి. తలుపు దగ్గరికి పాకు. ఆగకు, ఆగితే ఓడిపోతావ్!"

పిల్ల పాకింది. తల్లి కాలు మీదుగా, తండ్రి చెయ్యి మీదుగా పాకింది. మధ్యలో వాంతి చేసుకుని అక్కడే చెంప ఆనించింది. కోచ్ అరిచింది, బతిమాలింది, తిట్టింది. పిల్ల మళ్ళీ లేచింది. తెరలోంచి మాయమైంది. గొళ్ళెం గీరుకున్న చప్పుడు. ఒకసారి. మళ్ళీ. తర్వాత ఏదో దబ్బున పడిన చప్పుడు.

"అయ్యో, ఎదురింటి పాప!" ఎవరిదో ఆడగొంతు. వెంటనే ఇంకెవరో, "ముట్టుకోకండి! ఆ ఇంట్లో జబ్బుంది!"

కోచ్ ల్యాప్‌టాప్ మీదికి వంగి గొంతు చించుకుంది. "అమ్మా, ఎవరైనా వింటున్నారా? లోపల ముగ్గురున్నారు! జబ్బో గిబ్బో తర్వాత, ముందు కిటికీలు తియ్యండి! మీ కాళ్ళకు దణ్ణం పెడతాను!"

చాలాసేపు ఎవరూ రాలేదు. గుమ్మం దగ్గర గుసగుసలు మాత్రం వినిపించాయి. చివరికి ఒకావిడ ముక్కుకు చెంగు అదుముకుని లోపలికి పరుగెత్తుకొచ్చింది. ఎదురింటావిడ. గోళ్ళతో టేపు పీకింది. ఊడకపోతే కుర్చీ ఎత్తి అద్దం పగలగొట్టింది. అది పెద్దావిడ కుర్చీ.

వాళ్ళను జబ్బేమీ తాకలేదు. గీజర్ మంట వదిలిన విషవాయువు, పోయే దారి లేక రోజూ కాస్త కాస్తగా ఇల్లంతా నిండిందని అగ్నిమాపక సిబ్బంది చెప్పారు. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తల్లీ కూతురూ నాలుగు రోజుల్లో తేరుకున్నారు. బ్యాంకాయన బతికాడు. పెద్దావిడ గది బాత్‌రూమ్ గోడకు ఆనుకుని ఉంది. వాళ్ళు తలుపు తీసేసరికే ఆవిడ ఒళ్ళు చల్లబడి ఉంది.

నెల దాటాక ఒక మధ్యాహ్నం బ్యాంకాయన ఫోన్ చేశాడు.

"మేడమ్, ఆ వారం ఏదీ గుర్తు లేదు నాకు. ఆ రోజు పొద్దున అమ్మ గురించి మీరేమైనా అడిగారా?"

"అడిగానండీ. పడుకుందన్నారు."

"గదిలోకి వెళ్ళి చూశానా నేను?"

"అది నాకు తెలియదండీ."

ఇంకేమీ అడగకుండా ఆయన ఫోను భార్యకు ఇచ్చేశాడు. ఆవిడ కుశలం అడిగింది, బుడ్డి బడి పాఠాల గురించి చెప్పింది, తర్వాత గొంతు తగ్గించింది.

"కిటికీలన్నీ తీసే ఉంచుతున్నామండీ. మా వీధిలో ఇప్పుడు నిజంగానే జబ్బు అంటుకుంది. పై అంతస్తులో ఇద్దరు పోయారు. అంబులెన్సు వచ్చినప్పుడల్లా ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్తారు. రెక్క మీద చెయ్యి వేస్తారు. మూయలేరు, అక్కణ్ణుంచి కదల్లేరు."

ఆ మాటల వెనకే కోచ్‌కు సైరన్ మోత వినిపించింది. అది దగ్గరవుతోంది.

"ఉండండి, మళ్ళీ లేచారు" అంది ఆవిడ.