గీత దాటాక

కాలేజీ జట్ల అమెరికన్ ఫుట్‌బాల్ ఆట సగం కాకముందే ఎమీల్ బాటిస్ట్ నోట్లో రక్తం ఊరుతోంది. అవతలి హార్డిన్ జట్టులో వెస్లీ క్రౌడర్ అని ఒకడున్నాడు. మెడ లేకుండా భుజాల మీదే తల అతికించినట్టు ఉంటాడు. ఎమీల్ బంతి పట్టుకుని పరిగెత్తిన ప్రతిసారీ వాడు ఎదురొచ్చి గుద్దుతున్నాడు. గుద్ది, మీద పడి, తన పైన ఇంకో నలుగురు పడేదాకా ఆగి, ఆ గుట్ట అడుగున, రిఫరీ కళ్ళు చేరని చోట, ఎమీల్ వేళ్ళు పట్టుకుని వెనక్కి విరుస్తున్నాడు.

ఆ గుట్టల్లోంచి ఎమీల్‌ని లాగి నిలబెట్టేది సీఫస్ టాలివర్. కొండలాంటి మనిషి. ఎమీల్ ముందు నడిచి, అడ్డొచ్చిన వాణ్ణి పడగొట్టి దారి చెయ్యడం వాడి పని. బంతి వాడి చేతికి రాదు. స్టేడియంలో వాడి పేరు ఎవరూ అరవరు.

"ఇంకెన్ని వేళ్ళు మిగిలాయిరా?" అన్నాడు సీఫస్.

ఎమీల్ ఎర్రగా ఉమ్మేసి నవ్వాడు. "బంతికి సరిపడా ఉన్నాయిలే. నా వేళ్ళు రొయ్యలనుకుంటున్నాడు వెధవ. తల తుంచి ఒలుస్తున్నాడు."

విరామంలో కోచ్ హోబర్ట్ లాయిల్ గదిలోకి వచ్చాడు. ఒకడు పక్కటెముకలు పట్టుకుని మూలుగుతున్నాడు. ఇంకొకడి కనుబొమ్మకి కుట్లు వేస్తున్నారు. కోచ్ చప్పట్లు కొట్టాడు.

"శభాష్! ఇలాగే గుద్దండి. పడ్డవాడు మళ్ళీ లేవాలంటే జంకాలి." అని ఎమీల్ వైపు తిరిగాడు. "నువ్వు మాత్రం వినరా. మైదానం చివరి గీత దాటావా, బంతి రిఫరీ చేతికిచ్చి బుద్ధిగా వచ్చెయ్యి. ఆ చేపల నాటకం ఆడావంటే ఈ ఏడాదంతా బెంచీయే."

"చేపలు కాదు కోచ్, రొయ్యలు."

గది గొల్లుమంది. కోచ్ నవ్వలేదు.

ఎమీల్ తండ్రి బయూలో, ఆ చిత్తడి కాలవల్లో, రొయ్యలు పట్టేవాడు. కిందటేడు గీత దాటి టచ్‌డౌన్ చేసి పాయింట్లు తెచ్చినప్పుడల్లా ఎమీల్ తండ్రిలాగే నడుము తిప్పి, లేని వలని గాల్లోకి విసిరేవాడు. సీఫస్ పరిగెత్తుకొచ్చి లేని తాడు పట్టుకుని, ఎంతో బరువున్నట్టు ఒగరుస్తూ లాగేవాడు. జనం పడీ పడీ నవ్వేవారు. స్టేడియం మొత్తం సీఫస్‌ని చూసే క్షణం అదొక్కటే. ఈ ఏడు లీగ్ వాళ్ళు అలాంటి గంతులన్నీ తప్పు కిందికి తెచ్చి, చేస్తే జట్టు పదిహేను గజాలు వెనక్కి జరగాలని జరిమానా పెట్టారు.

"నాకు సరదా తెలీదనుకుంటున్నారా?" కోచ్ గొంతు తగ్గింది. "ఇంతకుముందు నేనున్న చోట ఒకడు ఇలాగే ఎగిరాడు. అవతలివాళ్ళు కలబడ్డారు. వాడు ఇవాళ్టికీ చక్రాల కుర్చీలో ఉన్నాడు. వాళ్ళమ్మకి ఫోన్ చేసి చెప్పింది నేను. ఇంకో తల్లికి చెప్పలేనురా."

ఆఖరి పావు ఆటలో వాన మొదలైంది. గీతకి నాలుగు గజాల దూరంలో బంతి ఎమీల్‌కి అందింది. సీఫస్ తల వంచి ఎదుటివాడి రొమ్ములోకి దూసుకుపోయాడు. వాడి లోపల ఏదో పుటుక్కుమనడం సీఫస్ భుజానికే తెలిసింది. వాడు కెవ్వుమన్నాడు. జనం లేచి నిలబడి ఈలలు వేశారు. ఆ సందులోంచి ఎమీల్ గీత దాటేశాడు.

ఎమీల్ బుద్ధిగానే బంతి తీసుకెళ్ళి రిఫరీ చేతికిచ్చాడు. వెనక్కి తిరిగాడు. సీఫస్ ఇంకా బురదలో బోర్లా పడి ఉన్నాడు, ముక్కులోంచి రక్తం కారుతోంది. పిలుపు కోసం అన్నట్టు తల ఎత్తి ఎమీల్‌నే చూస్తున్నాడు. అది చూసి ఎమీల్ మొహం మారింది.

"లేవరా ఎద్దూ, తాడు పట్టుకో!" అని అరిచి, నడుము తిప్పి, విరిగిన వేళ్ళతోనే వల విసిరాడు.

తప్పు జరిగిందని రిఫరీ జేబులోంచి పసుపు గుడ్డ ఎగిరింది. అది నేల మీద పడేలోపే వెస్లీ క్రౌడర్ వెనక నుంచి పరిగెత్తుకొచ్చాడు. తల దించి, హెల్మెట్‌తో ఎమీల్ మెడ మీద కుమ్మాడు.

పడేటప్పుడు మనిషన్నవాడు చేతులు అడ్డం పెట్టుకుంటాడు. ఎమీల్ పెట్టుకోలేదు.

ఎలా లేచాడో, ఎలా పరిగెత్తాడో సీఫస్‌కి గుర్తు లేదు. వెస్లీ హెల్మెట్ ముందున్న కమ్మీల్లో వేళ్ళు దూర్చి, తలకాయతో సహా ఊడొస్తుందన్నట్టు గుంజాడు. ఊడొచ్చిన హెల్మెట్‌తోనే కొట్టాడు. మొదటి దెబ్బకి ముక్కు పగిలింది. రెండో దెబ్బకి వెస్లీ వెల్లకిలా పడ్డాడు. మోకాలు వాడి గుండెల మీద వేసి మూడోది కొట్టాడు. అది కంటి మీద పడింది. ఆ తర్వాత రెండు జట్లూ కలబడ్డాయి. బూట్లతో తన్నుకున్నారు, పళ్ళతో కొరుక్కున్నారు. జనం భయంతో అరిచారనుకుంటే పొరపాటు. ఆనందంతో అరిచారు. టచ్‌డౌన్‌కి కూడా అంత హోరు లేదు.

రెండు వైపులా తప్పులు జరిగాయి, అదీ ఇదీ చెల్లు అన్నాడు రిఫరీ. గాల్లోకి చేతులు విసరడానికీ, మెడ విరగ్గొట్టడానికీ చెల్లట.

ఎమీల్‌కి మెడ ఎముక చిట్లింది. నడుస్తాడు, కానీ ఈ జన్మకిక ఆట లేదన్నారు డాక్టర్లు. వెస్లీకి కుడికన్ను పోయింది. సీఫస్‌ని బురద బట్టల్లోనే పోలీసులు పట్టుకెళ్ళారు.

సీఫస్ బెయిల్ మీద బయటికొచ్చాక, కాలేజీ విచారణ ముందురోజు, కోచ్ వాడి గదికి వచ్చాడు. మనిషి పదేళ్ళు పెద్దయినట్టున్నాడు.

"రేపు కమిటీ వాళ్ళు అడుగుతారు. ఆ గంతులే అన్నిటికీ మూలం అని చెప్పెయ్యి. నీ లాయరూ అదే అంటున్నాడు. వాళ్ళకి కావలసిందీ అదే. నీ చదువు మిగుల్తుందిరా."

"తప్పంతా ఎమీల్ మీదకి తొయ్యమంటారా కోచ్?"

"వాడికి కొత్తగా పోయేదేముంది? నీకుంది."

మర్నాడు కమిటీ పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుని అడిగింది. "ఆ వేడుక వల్లే ఈ ఘోరమంతా జరిగిందని మీరు ఒప్పుకుంటారా?"

సీఫస్ తన చేతులు చూసుకున్నాడు. "మావాడు ఉత్తి చేతులు ఊపాడమ్మా. వాడి చేతిలో ఏమీ లేదు. హెల్మెట్ ఉన్నది నా చేతిలో."

కాలేజీ వాణ్ణి పంపేసింది. జడ్జి జైలు తప్పించి, ఏడాది పాటు రోడ్ల పక్క చెత్త ఎత్తమన్నాడు. వేడుకల మీద లీగ్ ఇంకా గట్టి రూలు తెచ్చింది.

మెడ చుట్టూ పట్టీతో ఎమీల్ మండిపడ్డాడు. "పెద్ద పోటుగాడివి! నా పేరు చెప్తే నీ సొమ్మేం పోయింది? ఇప్పుడిద్దరం మునిగాం."

"నోరు మూసుకుని సూప్ తాగు" అన్నాడు సీఫస్.

చలికాలం చివర్లో ఒక ఆదివారం సీఫస్ కారేసుకుని వెస్లీ వాళ్ళ ఊరు వెళ్ళాడు. క్షమించమని అడగాలని దారంతా మాటలు కూర్చుకున్నాడు. తలుపు తీసింది వెస్లీయే. కంటి మీద నల్లగుడ్డ. మనిషి సగానికి చిక్కిపోయాడు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ఒకటడుగుతా, నిజం చెప్పు" అన్నాడు వెస్లీ. "నన్ను కొట్టేటప్పుడు నీకెలా ఉంది?"

కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "మొదటి రెండూ కోపం" అన్నాడు సీఫస్. "మూడోది... హాయిగా ఉంది. జనం అరుస్తున్నారు. నా కోసం."

వెస్లీ తల ఊపాడు. "నాకూ అంతే. వాడి మెడ మీద గుద్దినప్పుడు. చిన్నప్పట్నుంచీ గుద్దినప్పుడల్లా మా నాన్న లేచి చప్పట్లు కొట్టేవాడు." ఉన్న కంటితో రోడ్డు వైపు చూశాడు. "ఆయన చర్చి నుంచి వచ్చే వేళయింది. తుపాకీ బండిలోనే ఉంటుంది. నువ్వు వెళ్ళిపో."

సీఫస్ మెట్లు దిగాడు.

"వాడు నడుస్తున్నాడా?" వెనక నుంచి వెస్లీ అడిగాడు.

"నడుస్తున్నాడు."

వెస్లీ తలుపు వెంటనే వెయ్యలేదు. కారు మలుపు తిరిగేదాకా గడపలోనే నిలబడ్డాడు.